అమెరికాలో అద్దె ఇంటికి సహాయ జంతువు: థెరపిస్టు లేఖలో ఏముండాలి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను. మీరు డాలస్ శివారులోని ఒక పెద్ద అపార్టుమెంటు సముదాయంలో అద్దెకు ఉంటున్నారు. కారు ప్రమాదం తర్వాత మీ శ్రీమతి గారు పీటీఎస్‌డీతోను (భయానక ఘటన తర్వాత మనసును వదలని గాయంతోను), తరచూ వచ్చే పానిక్ అటాక్‌లతోను బాధపడుతూ, లైసెన్సు ఉన్న ఒక థెరపిస్టు వద్ద ఏడాదికి పైగా చికిత్స పొందుతున్నారు. స్నేహితుల ఇంట్లో వారి లాబ్రడార్ కుక్కతో గడిపిన రోజుల్లో ఆమె రాత్రి నిద్రపోగలిగారని, తోడు లేకుండా బయటకు వెళ్లగలిగారని గమనించి మీరూ ఒక కుక్కను తెచ్చుకోవాలనుకున్నారు. మీ లీజు ప్రకారం 25 పౌండ్లకు మించిన కుక్కలకు అనుమతి లేదు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి తెప్పించిన ఎమోషనల్ సపోర్ట్ సర్టిఫికెట్‌ను, అంటే కుక్క మానసిక ఆసరా కోసమేనని చెప్పే కాగితాన్ని, లీజింగ్ ఆఫీసు చెల్లదని తిప్పి పంపింది. ఇప్పుడు ఏ పత్రం ఇవ్వాలి, అందులో జబ్బు పేరు రాయించాలా, పెట్ డిపాజిట్ కట్టాలా, ఇదంతా వీసాకు చిక్కు తెస్తుందా అన్నవి మీ ప్రశ్నలు.

వైకల్యం ఉన్న అద్దెదారుల తరఫున ఇటువంటి అభ్యర్థనలను సిద్ధం చేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నేను న్యాయవాదిని కాను. ఆఫీసు నుంచి లిఖితపూర్వకమైన తిరస్కరణ వస్తే మాత్రం మీ ప్రాంతంలోని లీగల్ ఎయిడ్ న్యాయవాదిని గానీ, ఫెయిర్ హౌసింగ్ సంస్థను గానీ తప్పకుండా కలవండి. ఆ సర్టిఫికెట్‌ను ఆఫీసు పక్కన పెట్టడం తప్పు కాదు. అయితే సర్టిఫికెట్ చెల్లనంత మాత్రాన మీ శ్రీమతి హక్కు చెల్లకుండా పోదు. ఆమెను ఏడాదిగా చూస్తున్న థెరపిస్టు సరిగ్గా రాసిన ఒకటిన్నర పేజీల లేఖ ఆ సర్టిఫికెట్ చేయలేని పనిని చేస్తుంది. ఆ లేఖలో ఏముండాలో తెలియాలంటే చట్టం ఏమి రుజువు చేయమంటుందో ముందుగా తెలియాలి.

ఇక్కడ వర్తించేది ఫెయిర్ హౌసింగ్ యాక్ట్. ఇది 1968 నాటి పౌరహక్కుల చట్టంలో భాగంగా వచ్చింది. మొదట్లో వైకల్యం ప్రస్తావన ఇందులో లేదు. 1988లో చేసిన సవరణల ద్వారా అది చేరింది. వైకల్యం ఉన్న వ్యక్తి తన ఇంటిని మిగతావారితో సమానంగా వాడుకోవడానికీ, అనుభవించడానికీ అవసరమైనప్పుడు నియమాలలోను, విధానాలలోను సహేతుకమైన సడలింపు ఇవ్వడానికి నిరాకరించడం వివక్ష అని ఆ సవరణ స్పష్టం చేసింది. దీనినే అక్కడ రీజనబుల్ అకామడేషన్ అంటారు. ఈ చట్టం కింద రూపొందిన ఫెడరల్ నిబంధనలలో ఇచ్చిన ఉదాహరణ మీకు నేరుగా పనికొస్తుంది: పెంపుడు జంతువులను అనుమతించని భవనంలో అంధుడైన దరఖాస్తుదారు తన దారి చూపే కుక్కతో ఉండాలని కోరితే, ఆ నియమం చూపి నిరాకరించడం ఉల్లంఘన అవుతుంది, ఎందుకంటే ఆ కుక్క లేకుండా అతనికి ఆ ఇంటిని అనుభవించే సమాన అవకాశం ఉండదు. టెక్సస్‌కు ఇదే తీరులో సొంత ఫెయిర్ హౌసింగ్ చట్టం కూడా ఉంది.

ఆ ఉదాహరణలో "ఎందుకంటే" తర్వాత ఉన్న వాక్యాన్ని గమనించండి. ఆ కుక్క ఏ జాతిది, ఎక్కడ రిజిస్టర్ అయింది, దాని మెడలో ఏ కార్డు ఉంది అన్న ప్రసక్తే అక్కడ లేదు. ఈ మనిషికి ఫలానా వైకల్యం ఉంది, దానివల్ల ఇంట్లో ఫలానా పని చేయలేకపోతున్నారు, ఈ జంతువు ఉంటే ఆ లోటు తగ్గుతుంది అన్న మూడు మెట్ల సంబంధం మాత్రమే ఉంది. మీరు రుజువు చేయవలసింది ఆ సంబంధాన్నే. డబ్బుకు అమ్మే సర్టిఫికెట్లు జంతువు గురించి మాట్లాడతాయి. దానికి ఒక నంబరు ఇస్తాయి, ఫొటో అతికిస్తాయి, బంగారు రంగు ముద్ర వేస్తాయి. మీ శ్రీమతి గురించి వాటికి ఏమీ తెలియదు, కాబట్టి చట్టం అడిగే ప్రశ్నకు వాటిలో జవాబు ఉండదు. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం సహాయ జంతువులకు ఎటువంటి రిజిస్ట్రీనీ నడపడం లేదు. అటువంటి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని ఎవరు చెప్పినా అది నిజం కాదు. ఇటువంటి వెబ్‌సైట్ల తీరుపై విచారణ జరపాలని 2019 నవంబరులో ఫెడరల్ గృహ, పట్టణాభివృద్ధి శాఖ, అంటే హెచ్‌యూడీ, వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు లేఖ రాసింది. నిజంగా అవసరమున్న కుటుంబాలు ఆ సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్లి, అబద్ధమాడుతున్నవారిలా ఆఫీసుల ముందు నిలబడవలసి రావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

వైకల్యం అన్న మాట దగ్గర మన కుటుంబాలు చాలా తడబడతాయి. కాలో చెయ్యో లేనివారికే ఆ మాట వర్తిస్తుందని అనుకుని, మా ఆవిడకు వైకల్యం లేదు, కాస్త భయం మాత్రమే అని ఆఫీసులో తామే చెప్పేస్తారు. ఆ ఒక్క వాక్యంతో కేసు బలహీనపడుతుంది. ఈ చట్టం దృష్టిలో శారీరకమైన లేదా మానసికమైన లోపం ఏదైనా జీవితంలోని ముఖ్యమైన పనులలో ఒకదాన్నయినా గణనీయంగా పరిమితం చేస్తే అది వైకల్యమే. తన పనులు తాను చేసుకోవడం, నడవడం, చూడడం, వినడం, మాట్లాడడం, ఊపిరి పీల్చడం, నేర్చుకోవడం, ఉద్యోగం చేయడం వంటివి అటువంటి పనులకు నిబంధనలు ఇచ్చిన ఉదాహరణలు. పీటీఎస్‌డీ అన్న నిర్ధారణ ఒక్కటే సరిపోదు, అది ఏ పనిని ఎంతగా ఆపుతున్నదో చెప్పాలి.

ఇప్పుడు ఆఫీసు ఏమి అడగవచ్చో చూద్దాం. 2004 మే నెలలో హెచ్‌యూడీ, న్యాయశాఖ కలిసి విడుదల చేసిన ఉమ్మడి ప్రకటన మూడు సందర్భాలను వేరుచేసి చెప్పింది. వైకల్యమూ, సడలింపు అవసరమూ రెండూ కంటికి కనిపిస్తున్నప్పుడు యజమాని అదనపు సమాచారం అడగకూడదు. వైకల్యం కనిపిస్తున్నా అవసరం ఏమిటో తెలియనప్పుడు ఆ అవసరం గురించి మాత్రమే అడగాలి. రెండూ కనిపించనప్పుడు రెండింటి గురించీ నమ్మదగిన సమాచారం అడగవచ్చు. మీది మూడవ సందర్భం. అందువల్ల మిమ్మల్ని పత్రం అడిగినందుకు మేనేజరుపై కోపం తెచ్చుకోవలసిన పని లేదు. అడిగే హక్కు ఆయనకు ఉంది.

ఆ హక్కుకు హద్దు కూడా ఉంది. జబ్బు ఎంత తీవ్రమైనదో వివరించమని, ఆసుపత్రి రికార్డులు చూపమని, వాడుతున్న మందుల జాబితా ఇమ్మని అడగడం ఆ హద్దును దాటడమే. తమ ఫారం మీదే రాయించాలని, నోటరీ చేయించాలని పట్టుబట్టడం కూడా తగదని హెచ్‌యూడీ 2020 జనవరి మార్గదర్శక పత్రంలో చెప్పింది. అయితే ఆ పత్రం గురించి ఒక జాగ్రత్త అవసరం. మార్గదర్శక పత్రాలు చట్టాలు కావు. ప్రభుత్వాలు మారినప్పుడు వాటిని సవరిస్తాయి, ఉపసంహరిస్తాయి, 2025లో హెచ్‌యూడీ అలాగే పలు పాత పత్రాలను ఉపసంహరించుకుంది. ఇంటర్నెట్‌లో దొరికే నమూనా లేఖలలో చాలావరకు ఆ 2020 పత్రం సంఖ్యనే ప్రధాన ఆధారంగా చూపుతాయి. మీరు అలా చేయవద్దు. మీ అభ్యర్థనను ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ మీద, దాని కింది ఫెడరల్ నిబంధనల మీద, టెక్సస్ చట్టం మీద నిలబెట్టండి. ఒక శాఖ తన అభిప్రాయం మార్చుకున్నంత మాత్రాన అవి మారవు.

ప్రత్యేక శిక్షణ లేని జంతువు విషయంలో కోర్టులు చెప్పినవన్నీ ఒక్క తీరుగా లేవన్నది కూడా మీకు తెలియాలి. 2003లో హవాయిలోని ఒక ఫెడరల్ కోర్టు, మామూలు పెంపుడు కుక్క నుంచి ఈ కుక్కను వేరు చేసే శిక్షణ ఏదో చూపాలని భావించింది. 2009లో ఓహియోలోని మరొక ఫెడరల్ కోర్టు, ఇంటి విషయంలో అటువంటి శిక్షణ తప్పనిసరి కాదని, భావోద్వేగపరమైన ఆసరా ఇచ్చే జంతువు కూడా ఈ చట్టం పరిధిలోకి రాగలదని చెప్పింది. చాలా ఏళ్లుగా ఆచరణ రెండవ దారిలోనే సాగింది. అయినా మొదటి తీర్పులోని ప్రశ్నకు కూడా జవాబు చెప్పగలిగేలా లేఖ రాయించుకోవడమే వివేకం: ఈ కుక్క ఈ మనిషికి చేసే పని మామూలు పెంపుడు కుక్క ఎవరికైనా ఇచ్చే సంతోషం కన్నా ఏ విధంగా వేరు?

ఇక లేఖ విషయానికి వస్తాను. నా చేతికి వచ్చే లేఖలలో అత్యధికం ఈ రకంగా ఉంటాయి: "ఈమె నా వద్ద చికిత్స పొందుతున్నారు. ఈమెకు ఆందోళన సమస్య ఉంది. పెంపుడు కుక్క ఉంటే ఈమెకు మేలు జరుగుతుంది. దయచేసి అనుమతించండి." ఇందులో అబద్ధమేమీ లేదు, కానీ చట్టానికి కావలసినది కూడా ఏమీ లేదు. ఆందోళన అనేది ఎవరికైనా ఉండవచ్చు. కుక్క వల్ల మేలు కూడా ఎవరికైనా జరగవచ్చు. పైగా థెరపిస్టే దానిని పెంపుడు కుక్క అని పిలిచారు. దీనిని చదివిన మేనేజరు పెట్ పాలసీ తీసి ముందు పెడితే అందులో ఆశ్చర్యపోవడానికి ఏమీ ఉండదు.

బలమైన లేఖ థెరపిస్టు ఎవరో చెప్పడంతో మొదలవుతుంది. లెటర్‌హెడ్ మీద వారి పూర్తి పేరు, వృత్తి, లైసెన్సు రకం, సంఖ్య, లైసెన్సు ఇచ్చిన రాష్ట్రం, తేదీ, సంతకం ఉండాలి. మీ శ్రీమతిని ఎప్పటి నుంచి, ఎంత తరచుగా చూస్తున్నారో ఒక వాక్యంలో చెప్పాలి. ఏడాదికి పైగా సాగుతున్న చికిత్స అన్న మాటకు ఉన్న బరువు చిన్నది కాదు. పది నిమిషాల ప్రశ్నావళి నింపి తెచ్చుకున్న కాగితానికీ మీ లేఖకూ ఉన్న తేడా అక్కడే తేలిపోతుంది.

తర్వాతి భాగం వైకల్యం. ఇక్కడ చట్టంలోని మాటలనే వాడమని థెరపిస్టును కోరండి: ఆమెకు మానసికమైన లోపం ఉంది, అది జీవితంలోని ముఖ్యమైన పనులలో ఒకదానిని లేదా కొన్నింటిని గణనీయంగా పరిమితం చేస్తున్నది. ఆ వెంటనే ఏ పనులో చెప్పాలి. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే, ఆమె రాత్రివేళ పదేపదే ఉలిక్కిపడి లేస్తున్నారు, మళ్లీ నిద్రపోలేకపోతున్నారు. పగలు మీరు ఇంట్లో లేనప్పుడు మెయిల్‌బాక్స్ దాకా, లాండ్రీ గది దాకా కూడా ఒంటరిగా వెళ్లలేకపోతున్నారు. పానిక్ అటాక్ వచ్చినప్పుడు గంటల తరబడి తన పనులు తాను చేసుకోలేని స్థితిలో ఉంటున్నారు. ఈ మూడూ ఇంటితో ముడిపడినవే. చట్టం ఇంటిని అనుభవించే సమాన అవకాశం గురించి మాట్లాడుతున్నది కాబట్టి, తాను అద్దె కడుతున్న ఇంటి పడకగది, నడవ, లాండ్రీ గది ఆమెకు అందుబాటులో లేకుండా పోతున్నాయన్న విషయం లేఖలో సూటిగా కనిపించాలి. చాలామంది థెరపిస్టులు ఆఫీసులో పని, దుకాణాల్లో రద్దీ గురించి రాస్తారు. అవి నిజమే అయినా ఈ లేఖలో వాటి స్థానం చిన్నది.

మూడవ భాగం సంబంధం, లేఖకు ఇదే ప్రాణం. కుక్క ఏమి చేస్తుందో, అది పై పరిమితులలో దేనిని ఎలా తగ్గిస్తుందో చెప్పాలి. ఉదాహరణకు థెరపిస్టు ఇలా రాయవచ్చు: "రాత్రివేళ ఉలిక్కిపడి లేచినప్పుడు పక్కన కుక్క ఉండటం, దాని శరీర భారం, స్పర్శ ఆమెను ప్రస్తుత క్షణంలోకి తీసుకువస్తాయి, దానివల్ల ఆమె తిరిగి నిద్రపోగలుగుతారు. పానిక్ మొదలయ్యే సూచనలు కనిపించినప్పుడు కుక్కపై దృష్టి నిలపడం ఆమె చికిత్సలో నేర్చుకున్న పద్ధతులను అమలు చేయడానికి తోడ్పడుతుంది. కుక్క వెంట ఉన్నప్పుడు ఆమె భవనంలోని ఉమ్మడి ప్రాంతాలకు తోడు లేకుండా వెళ్లగలిగారు. నా వృత్తిపరమైన అభిప్రాయంలో, ఆమె తన నివాసాన్ని ఇతరులతో సమానంగా వాడుకోవడానికి ఈ సహాయ జంతువు అవసరం." చివరి వాక్యంలో "అవసరం" అన్న మాట ఉండి తీరాలి. మేలు చేస్తుంది, ఊరటనిస్తుంది, ఉపయోగపడవచ్చు అన్న మాటలు ఆ స్థానంలో నిలబడవు.

స్నేహితుల ఇంట్లో గడిపిన రోజుల సంగతిని వృథా కానివ్వకండి. మీ ఇంట్లో ఇంకా కుక్క లేదు కాబట్టి ఆఫీసు, ప్రయోజనం ఉంటుందని ఎలా తెలుసు అని అడగవచ్చు. ఆ రోజుల తర్వాత జరిగిన సెషన్‌లో మీ శ్రీమతి ఈ విషయం చెప్పి ఉంటే అది థెరపిస్టు నోట్సులో ఉండి ఉంటుంది. లేకపోతే వచ్చే సెషన్‌లో వివరంగా చెప్పమనండి. చికిత్సలో భాగంగా గమనించిన మార్పుగా అది లేఖలోకి వస్తే, ఊహగా కాకుండా అనుభవంగా నిలుస్తుంది. పెద్ద కుక్కే ఎందుకు అన్న ప్రశ్నకు కూడా ఒక వాక్యం ఉంటే మంచిది: శరీర భారం వల్ల కలిగే స్థిమితం చిన్న కుక్కతో రాదని థెరపిస్టు నిజంగా భావిస్తే ఆ మాట రాయనివ్వండి. భావించకపోతే రాయమని ఒత్తిడి చేయకండి. మొహమాటానికి రాసిన మాట ఫోనులో ఒక్క ప్రశ్నకే తేలిపోతుంది.

జబ్బు పేరు రాయించాలా అని అడిగారు. అవసరం లేదు, రాయించవద్దన్నదే నా సలహా. లోపం ఉంది, అది ఫలానా పనులను పరిమితం చేస్తున్నది అన్నది చాలు. డాలస్ చుట్టుపక్కల ఒక్కో సముదాయంలో ఎన్నో తెలుగు కుటుంబాలు ఉంటాయి కాబట్టి ఈ విషయం నలుగురి నోళ్లలో పడుతుందేమోనన్న మీ భయం నాకు అర్థమవుతుంది. సడలింపు కోసం ఇచ్చిన సమాచారాన్ని గోప్యంగా ఉంచాలని, ఆ నిర్ణయంలో పాత్ర లేనివారితో పంచుకోకూడదని 2004 నాటి ఉమ్మడి ప్రకటనే చెబుతున్నది. మీ అభ్యర్థనలో కూడా ఆ మాట రాయండి. ఆఫీసు మీ చేత రికార్డుల విడుదలకు సంతకం చేయించుకోవాలని చూస్తే, ఈ లేఖ నేనే రాశానని థెరపిస్టు ధ్రువీకరించడానికి మాత్రమే అనుమతి ఇవ్వండి. అంతకు మించి ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

లేఖ ఎవరు రాయవచ్చన్నదానికి చట్టం ఒకే వృత్తిని నిర్దేశించలేదు. వైద్యుడు, సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, లైసెన్సు ఉన్న సోషల్ వర్కరు, నర్స్ ప్రాక్టిషనర్ వంటివారు రాయవచ్చు. ఆ వ్యక్తి వైకల్యం గురించి తెలిసే స్థితిలో ఉన్న నమ్మదగిన ఇతరుల సమాచారం కూడా చెల్లవచ్చని ఉమ్మడి ప్రకటన చెప్పింది. కొందరు థెరపిస్టులు చికిత్స చేసేవారుగా తాము ఇటువంటి లేఖలు రాయకూడదన్న నియమం పెట్టుకుంటారు. మీ థెరపిస్టు అలా అంటే వాదించకుండా, మీ ఫ్యామిలీ డాక్టరుకు చికిత్స సారాంశం పంపమని అడగండి. ఆ డాక్టరు రాయగలరు. మన వాళ్లలో మరో రెండు అలవాట్లు చూస్తుంటాను. ఒకటి, బంధువుల్లో ఉన్న డాక్టరు చేత రాయించుకోవడం. ఇంటిపేరు కలిసినా కలవకపోయినా ఈ బంధుత్వం బయటపడుతుంది, అప్పుడు నిజమైన అవసరం మీద కూడా అనుమానం పడుతుంది. రెండవది, హైదరాబాదులోనో విజయవాడలోనో పూర్వం చికిత్స చేసిన సైకియాట్రిస్టు లేఖ తెప్పించుకోవడం. అది చరిత్రగా ఎంతో విలువైనది, ఇక్కడి థెరపిస్టు చేతికి తప్పకుండా ఇవ్వండి. ఆఫీసుకు ఇచ్చే ప్రధాన పత్రంగా మాత్రం ఇక్కడ లైసెన్సు ఉన్నవారి లేఖనే వాడండి.

వీడియో ద్వారా చికిత్స తీసుకుంటున్నవారికి కూడా ఇదే వర్తిస్తుంది. అది నిజమైన, కొనసాగుతున్న చికిత్స అయితే దూరం అడ్డు కాదు. రాష్ట్రాన్ని బట్టి అదనపు షరతులు ఉండవచ్చు. కాలిఫోర్నియాలో 2022 జనవరి 1 నుంచి, ఎమోషనల్ సపోర్ట్ కుక్కకు పత్రం ఇచ్చే వైద్య నిపుణునికి ఆ వ్యక్తితో కనీసం 30 రోజుల ముందు నుంచి చికిత్సా సంబంధం ఉండాలి. మీరు ఉద్యోగం మారి అటు వెళితే ఈ విషయం గుర్తుంచుకోవాలి.

లేఖ ఒక్కటే చేతిలో పెట్టి రావడం కన్నా, దానికి ముందు మీ శ్రీమతి పేరు మీద ఒక చిన్న అభ్యర్థన ఉండాలి. నోటితో అడిగినా చెల్లుతుంది, కుటుంబ సభ్యులు అడిగినా చెల్లుతుంది; కానీ తర్వాత ఏ రోజున ఏమి అడిగారన్న ప్రశ్న వస్తే కాగితమే మాట్లాడుతుంది. నేను వైకల్యం ఉన్న వ్యక్తిని, ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ కింద మీ పెంపుడు జంతువుల నియమానికి, బరువు పరిమితికి, సంబంధిత రుసుములకు సడలింపు కోరుతున్నాను, లాబ్రడార్ జాతి సహాయ జంతువును నా నివాసంలో ఉంచుకోవాలి, లేఖ జతచేశాను, ఫలానా తేదీలోగా జవాబు ఇవ్వగలరు అని నాలుగైదు వాక్యాలు చాలు. ఈమెయిల్‌లో పంపి ప్రతి దాచుకోండి. జవాబుకు పది రోజుల గడువు అడగడం సహేతుకంగా ఉంటుంది. పాత సర్టిఫికెట్‌ను దీనికి జతచేయవద్దు, దాని ప్రస్తావన కూడా తేవద్దు. కుక్కను ముందే తెచ్చి తర్వాత అడిగినా హక్కు పోదు; అయినా అనుమతి వచ్చాక తెచ్చుకుంటే లీజు ఉల్లంఘన నోటీసు అన్న మరో తలనొప్పి ఉండదు.

అనుమతి వచ్చాక పెట్ డిపాజిట్ గానీ, నెలవారీ పెట్ రెంట్ గానీ కట్టనవసరం లేదు, ఎందుకంటే సహాయ జంతువు ఈ చట్టం దృష్టిలో పెంపుడు జంతువు కాదు. 25 పౌండ్ల పరిమితి, జాతి నిషేధం కూడా దానికి వర్తించవు. కుక్క తలుపు కొరికినా, కార్పెట్ పాడుచేసినా ఆ నష్టం మాత్రం మీరే భరించాలి. రేబిస్ టీకా, పట్టీ, శుభ్రత వంటి స్థానిక నియమాలను తప్పక పాటించాలి. ఇతరుల భద్రతకు ముప్పు అని ఆఫీసు తిరస్కరించాలంటే, ఆ ఒక్క కుక్క నిజంగా ఎలా ప్రవర్తించిందన్నదే ఆధారం కావాలి. ఆ జాతి కుక్కలు ప్రమాదకరం అన్న సాధారణ భయం చాలదు.

ఈ హక్కు మీ ఇంటికీ, ఆ సముదాయపు ఉమ్మడి ప్రాంతాలకూ పరిమితం. దుకాణాలు, హోటళ్ల విషయంలో వర్తించే అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్ట్ ప్రత్యేకంగా ఒక పని చేయడానికి శిక్షణ పొందిన కుక్కను మాత్రమే సర్వీస్ యానిమల్‌గా గుర్తిస్తుంది. 2021 జనవరి నుంచి విమానయాన సంస్థలు కూడా ఎమోషనల్ సపోర్ట్ జంతువులను అనుమతించవలసిన పని లేదు. సర్టిఫికెట్‌తో పాటు మీకు వచ్చిన సర్వీస్ డాగ్ అన్న అక్షరాల జాకెట్‌ను కుక్కకు తొడిగి ఎక్కడికీ తీసుకువెళ్లవద్దు. టెక్సస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి, శిక్షణ లేని జంతువును సర్వీస్ యానిమల్‌గా చూపినవారికి 1,000 డాలర్ల వరకు జరిమానా, 30 గంటల సమాజసేవ విధించవచ్చు.

వీసా గురించి: ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ రక్షణకు పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ షరతు కాదు. హెచ్‌వన్‌బీ మీద ఉన్నా, హెచ్‌ఫోర్ మీద ఉన్నా, విద్యార్థిగా ఉన్నా అడగవచ్చు. మీరు అడుగుతున్నది ప్రైవేటు ఇంటి యజమానిని. ఇది ప్రభుత్వం నుంచి పొందే ఆర్థిక సహాయం కాదు. విశ్వవిద్యాలయాల హాస్టళ్లకు కూడా ఈ చట్టం వర్తిస్తుందని 2013లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం కియర్నీ క్యాంపస్‌పై న్యాయశాఖ వేసిన దావాలో ఫెడరల్ కోర్టు చెప్పింది, కాబట్టి మన పిల్లలు చదువుకోవడానికి వెళ్లే చోట కూడా ఇదే దారి.

అయితే ఈ చట్టం చేరని ఇళ్లు కొన్ని ఉన్నాయి, అవి మన వాళ్లు తరచూ అద్దెకు తీసుకునే ఇళ్లే. యజమాని తానూ నివసిస్తూ నాలుగు వాటాలకు మించని భవనంలో అద్దెకిస్తే, లేదా మూడుకు మించి ఇళ్లు లేని యజమాని ఏజెంటు లేకుండా, వివక్షతో కూడిన ప్రకటన ఇవ్వకుండా తన విడి ఇంటిని నేరుగా అద్దెకిస్తే, ఈ సడలింపు నియమం చాలావరకు వర్తించదు. తెలిసిన తెలుగు కుటుంబం ఇంట్లో ఒక గది తీసుకున్నవారు ఈ కారణంగా చట్టం చూపి అడగలేకపోవచ్చు. అక్కడ స్నేహపూర్వకంగా మాట్లాడుకోవడమే మార్గం. మీరున్న పెద్ద సముదాయానికి ఈ మినహాయింపులు ఏవీ లేవు.

లేఖ ఇచ్చిన తర్వాత కూడా ఆఫీసు కాదంటే, కారణం రాతపూర్వకంగా ఇవ్వమని, ఇంకేమి సమాచారం కావాలో చెప్పమని ఈమెయిల్‌లో అడగండి. చాలా కేసులు ఇక్కడే పరిష్కారమవుతాయి, ఎందుకంటే స్థానిక మేనేజరు చేతిలోని కాగితం అప్పుడు కంపెనీ న్యాయ విభాగం దాకా వెళుతుంది. అక్కడా తేలకపోతే, ఘటన జరిగిన ఏడాదిలోగా హెచ్‌యూడీకి ఫిర్యాదు చేయవచ్చు; టెక్సస్‌లో టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ పౌరహక్కుల విభాగం కూడా ఇటువంటి ఫిర్యాదులను స్వీకరిస్తుంది. ఫెడరల్ కోర్టులో సొంతంగా దావా వేయడానికి గడువు రెండేళ్లు. అడిగినందుకు కక్షగట్టి లీజు పొడిగించకపోవడం, బెదిరించడం వేరుగా మరో ఉల్లంఘన అవుతుంది, కాబట్టి ఇప్పటి నుంచే ఆఫీసుతో జరిగే ప్రతి సంభాషణ తర్వాత అందులో తేలినదాన్ని ఒక చిన్న ఈమెయిల్‌గా వారికి పంపుతూ ఉండండి. తర్వాత ఇల్లు మారితే కొత్త యజమానిని మళ్లీ అడగవలసిందే. అప్పటికి థెరపిస్టు లేఖ పాతబడి ఉంటే, కొత్త లీజు మీద సంతకం చేయక ముందే తాజా తేదీతో మరో లేఖ తీసుకోండి.